నోటిఫికేషన్ వచ్చాక సొసైటీ ఎన్నికను ఆపొచ్చా? స్టే అడిగేవాళ్లకు సుప్రీంకోర్టు ఏం చెప్పింది?

సహకార సంఘం ఎన్నికే కదా, అందులో ఏముందిలే అనుకునేవాళ్లు చాలామందే ఉంటారు. కానీ పంట రుణం రెన్యువల్ అవ్వాలన్నా, యూరియా బస్తా చేతికి రావాలన్నా, ఊళ్లో వడ్ల కొనుగోలు కేంద్రం తెరవాలన్నా రైతు మొదట వెళ్లేది సొసైటీ ఆఫీసుకే. సిటీలో అయితే హౌసింగ్ సొసైటీ. ప్లాటు ఎవరికి, కామన్ స్థలం ఎవరి చేతిలో, ఖాతాలు ఎవరి సంతకంతో నడవాలి అన్నవి తేల్చేది అక్కడి కమిటీయే. అందుకే షెడ్యూల్ వచ్చిందో లేదో, రెండు మూడు రోజుల్లో ఎవరో ఒకరు హైకోర్టు మెట్లు ఎక్కుతారు. "ఓటర్ల జాబితా తప్పు.. ఎన్నిక ఆపండి" అని.

మరి కోర్టు ఆపుతుందా? ఒక్క ముక్కలో చెప్పాలంటే.. ఎన్నిక మొదలయ్యాక సాధారణంగా ఆపదు. జాబితాలో తప్పు ఉన్నా, నామినేషన్ అన్యాయంగా కొట్టేసినా, ముందు ఎన్నిక జరగనివ్వండి, ఫలితం వచ్చాక సవాలు చేసుకోండి అంటుంది. ఇది కోర్టుల మనసులో మాట కాదు. 70 ఏళ్లకు పైగా సుప్రీంకోర్టు తీర్పుల్లో స్థిరపడిన సూత్రం. అయితే ఈ సూత్రానికి కొన్ని మినహాయింపులు ఉన్నాయి. పెద్ద లొసుగు కూడా ఒకటి ఉంది. తెలుగు రాష్ట్రాల రైతులకు ఎక్కువ దెబ్బ తగిలింది ఆ లొసుగు దగ్గరే.

అసలు 'మొదలవ్వడం' అంటే ఏంటి?

పోలింగ్ రోజే ఎన్నిక అనుకుంటే పొరపాటే. చట్టం దృష్టిలో ఎన్నిక అంటే మొత్తం ప్రక్రియ. నోటిఫికేషన్ దగ్గర మొదలై నామినేషన్లు, పరిశీలన, ఉపసంహరణ, గుర్తుల కేటాయింపు, పోలింగ్, లెక్కింపు మీదుగా ఫలితం ప్రకటించే వరకు అంతా కలిపి ఒకటే.

ఈ మాటకు మూలం 1952 నాటి పొన్నుస్వామి కేసు. అప్పటి మద్రాస్ రాష్ట్రంలో, సేలం జిల్లా నామక్కల్ నుంచి అసెంబ్లీకి పోటీ చేయబోయిన ఎన్.పి. పొన్నుస్వామి నామినేషన్‌ను రిటర్నింగ్ ఆఫీసర్ తిరస్కరించారు. ఆయన హైకోర్టుకు, అక్కడి నుంచి సుప్రీంకోర్టుకు వెళ్లారు. దేశంలో తొలి సాధారణ ఎన్నికలు నడుస్తున్న రోజులవి. ఆంధ్ర జిల్లాలు కూడా అప్పటికింకా మద్రాస్ రాష్ట్రంలోనే ఉన్నాయి. నామినేషన్ తిరస్కరణ కూడా ఎన్నికలో భాగమేనని, దాన్ని మధ్యలో విడిగా సవాలు చేయడం కుదరదని, ఎన్నిక పూర్తయ్యాక ఎలక్షన్ పిటిషన్ వేసుకోవాలని సుప్రీంకోర్టు చెప్పింది. కారణం సింపుల్. ఒక్కో అభ్యర్థి ఒక్కో దశలో కోర్టుకెళ్లి స్టే తెచ్చుకుంటూ పోతే ఎన్నిక ఎప్పటికీ పూర్తి కాదు.

అది అసెంబ్లీ ఎన్నిక సంగతి. సొసైటీకి ఎలా వర్తిస్తుంది?

మహారాష్ట్ర పాల సంఘం కేసు

సహకార ఎన్నికల మీద ఇప్పటికీ ప్రతి కోర్టులో వినిపించే తీర్పు 2001లో వచ్చింది. మహారాష్ట్రకు చెందిన ఒక పాల ఉత్పత్తిదారుల సహకార సంఘం వేసిన కేసు. న్యాయవాదులు దీన్ని 'సంత్ సద్గురు జనార్దన స్వామి కేసు' అంటారు, సంఘం పేరే అది. ఓటర్ల జాబితా తయారీలో రూల్స్ పాటించలేదన్నది వాళ్ల ఫిర్యాదు. జాబితా తయారీ ఎన్నిక కంటే ముందు జరిగే పని కదా, దాన్ని సవాలు చేస్తే ఎన్నికను అడ్డుకున్నట్టు ఎలా అవుతుంది అన్నది వాదన.

వినడానికి లాజిక్ బాగానే ఉంది. కానీ సుప్రీంకోర్టు ఒప్పుకోలేదు. అక్కడి రూల్స్ ప్రకారం ఓటర్ల జాబితా తయారీ కూడా ఎన్నిక ప్రక్రియలో మధ్యంతర దశేనని తేల్చింది. ప్రక్రియ మొదలయ్యాక జాబితాలో అక్రమం జరిగిందన్న ఆరోపణ ఉన్నా సరే, హైకోర్టు ఎన్నికను ఆపకూడదని, ఫలితం తర్వాత ఎన్నికల పిటిషన్ వేసుకోవడమే సరైన దారి అని చెప్పింది.

ఈ తీర్పుతో సొసైటీ రాజకీయాల్లో లెక్క మారిపోయింది. అంతకుముందు నోటిఫికేషన్ వరకు ఆగి, ఆ తర్వాత జాబితా మీద రిట్ వేసి స్టే తెచ్చుకోవడం తేలికైన ఆయుధం. ఇప్పుడు ఆ ఆయుధం పదును చాలావరకు పోయింది. ఇక్కడ ఒక్క విషయం గుర్తు పెట్టుకోవాలి. జాబితా తయారీ ఎన్నికలో భాగమా కాదా అన్నది ఆయా రాష్ట్రం రూల్స్ ఎలా రాసి ఉన్నాయన్న దాన్ని బట్టి ఉంటుంది. ఎన్నికల రూల్స్‌లోనే జాబితా, అభ్యంతరాలు, తుది ప్రకటన అని వరుసగా ఉంటే.. అది భాగమే.

రాజ్యాంగంలో నిషేధం ఉందా? ఇక్కడే తేడా

పార్లమెంటు, అసెంబ్లీ ఎన్నికల్లో కోర్టులు వేలు పెట్టకూడదని రాజ్యాంగమే చెబుతోంది. 329వ ఆర్టికల్. పంచాయతీలకు 243-ఓ, మున్సిపాలిటీలకు 243-జెడ్‌జీ కూడా అదే పని చేస్తాయి. సహకార సంఘాల కోసం 97వ రాజ్యాంగ సవరణ ద్వారా చేర్చిన భాగంలో మాత్రం అలాంటి నిషేధం లేదు. ఎన్నికలు ఎప్పుడు పెట్టాలి, ఎవరి పర్యవేక్షణలో పెట్టాలి అని ఉంది కానీ, కోర్టులు జోక్యం చేసుకోకూడదు అన్న మాట లేదు.

అంటే 226వ ఆర్టికల్ కింద హైకోర్టుకు ఉన్న అధికారం అలాగే ఉంది. సొసైటీ ఎన్నికలో హైకోర్టు చెయ్యి పెట్టదు అంటే, పెట్టలేక కాదు. తనకు తాను గీసుకున్న గీత అది. చట్టంలో వేరే దారి ఉన్నప్పుడు, అదీ ఎన్నిక లాంటి టైమ్‌తో ముడిపడ్డ విషయంలో, రిట్ అధికారాన్ని వాడకపోవడమే మంచిదన్న పద్ధతి. గీసుకున్న గీత కాబట్టే అప్పుడప్పుడు దాటే అవకాశం ఉంటుంది.

ఎప్పుడు దాటొచ్చు? 2000లో అశోక్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు దీనికి ఒక కొలత ఇచ్చింది. 1999 లోక్‌సభ ఎన్నికల ఓట్ల లెక్కింపు మీద కేరళ హైకోర్టు ఇచ్చిన మధ్యంతర ఆదేశాలతో మొదలైన కేసు అది. ఎన్నిక సాఫీగా ముందుకు వెళ్లడానికి, పూర్తవ్వడానికి సాయపడే ఆదేశమైతే కోర్టు ఇవ్వొచ్చు. అడ్డుపడే, సాగదీసే, ఆపేసే ఆదేశమైతే ఇవ్వకూడదు. లోక్‌సభ ఎన్నిక గురించి చెప్పిందే అయినా సహకార కేసుల్లోనూ న్యాయవాదులు ఈ కొలతనే పట్టుకొస్తారు. ఉదాహరణకు పోలింగ్ కేంద్రానికి పోలీసు బందోబస్తు పెట్టమనడం, లెక్కింపు వీడియో తీయమనడం మొదటి రకం. పోలింగ్ వాయిదా వేయమనడం రెండో రకం.

తర్వాత వచ్చిన తీర్పుల్లో ఇంకో సందు కూడా తెరుచుకుంది. జాబితాలో పేర్లు తప్పు పడ్డాయన్నది ఒక ఫిర్యాదు. అసలు చట్టంలో లేని రూల్ పట్టుకుని మొత్తం జాబితానే తయారు చేశారన్నది వేరే ఫిర్యాదు. రెండోది నిజమైతే అది ఎన్నికలో చిన్న పొరపాటు కాదు, పునాదే లేదని అర్థం. అలాంటప్పుడు హైకోర్టు చేతులు కట్టుకుని కూర్చోవక్కర్లేదు. అధికారమే లేని వ్యక్తి నోటిఫికేషన్ ఇస్తే కూడా ఇదే తర్కం.

'ఓటు వేయనివ్వండి.. డబ్బా విడిగా పెట్టండి'

ఆపడానికీ, వదిలేయడానికీ మధ్య హైకోర్టులు తరచూ పట్టే మూడో దారి ఒకటుంది. వివాదంలో ఉన్న సభ్యులను ఓటు వేయనిస్తారు. కానీ ఆ ఓట్లను విడిగా సీల్ చేసి పెట్టమంటారు. లేదా ఎన్నిక జరపండి, ఫలితం మాత్రం రిట్ తుది తీర్పుకు లోబడి ఉంటుంది అంటారు. ఇంకా ముందుకెళ్తే, లెక్కింపు పూర్తి చేసి ఫలితం ప్రకటించకుండా ఉంచమంటారు.

మొదటి రెండూ ఫర్వాలేదు. మూడోదానితోనే చిక్కు. కాగితం మీద ఎన్నిక ఆగలేదు, పోలింగ్ అయిపోయింది. కానీ కొత్త కమిటీ కుర్చీలో కూర్చోదు. పాత కమిటీయో, ప్రభుత్వం పెట్టిన అధికారో నెలల తరబడి కొనసాగుతారు. ఆపవద్దు అన్న సూత్రం అక్షరాలా పాటించినట్టే ఉంటుంది, ఫలితం మాత్రం ఆపినట్టే ఉంటుంది. పిటిషన్ వేసేవాళ్లలో కొందరికి కావాల్సింది కూడా అదే, గెలుపు కాదు.. టైమ్.

ప్రభుత్వం ఆపాలనుకుంటే?

కోర్టు సంగతి పక్కన పెడదాం. షెడ్యూల్ ఇచ్చిన అధికారే, లేదా ప్రభుత్వమే, మధ్యలో "వాయిదా" అంటే?

అది చట్టంలో ఆ అధికారం రాసి ఉందా లేదా అన్నదాని మీద ఆధారపడుతుంది. మహారాష్ట్ర చట్టంలో స్పష్టంగా ఉంది. కరువు, వరద, అగ్నిప్రమాదం, ఇతర ప్రకృతి విపత్తు, వానాకాలం, లేదా అసెంబ్లీ, లోక్‌సభ, స్థానిక సంస్థల ఎన్నికలు అదే టైమ్‌లో రావడం.. ఇలాంటి కారణాలుంటే ప్రభుత్వం రాతపూర్వకంగా కారణం చెప్పి సహకార ఎన్నికలను వాయిదా వేయొచ్చు. ఒకసారికి ఆరు నెలలు మించకూడదు. మొత్తం కలిపి ఏడాది దాటకూడదు. కోవిడ్ టైమ్‌లో అక్కడ సహకార ఎన్నికలు వాయిదా పడ్డాయి. వానాకాలం కారణంతో కూడా వాయిదాలు నడిచాయి. చట్టంలో ఉంది కాబట్టి ప్రతి వాయిదా సరైనదే అని కాదు. కారణం నిజమా, సాకా అన్నది కోర్టు చూడొచ్చు.

కారణం అన్నచోట 1977 నాటి మొహిందర్ సింగ్ గిల్ కేసు పనికొస్తుంది. పంజాబ్‌లోని ఫిరోజ్‌పూర్ లోక్‌సభ స్థానంలో లెక్కింపు చివర్లో గొడవలు జరిగాయి, ఎన్నికల సంఘం మొత్తం పోలింగ్ రద్దు చేసి మళ్లీ పెట్టమంది. ఆ కేసులో సుప్రీంకోర్టు చెప్పిన ఒక మాట ఎన్నికల చట్టాన్ని దాటి అన్ని ప్రభుత్వ ఆదేశాలకూ పాకింది. అధికారి ఇచ్చిన ఆదేశం మంచిదా చెడ్డదా అన్నది ఆ ఆదేశంలో రాసిన కారణాలను బట్టే తేలాలి. తర్వాత కోర్టులో అఫిడవిట్ వేసి కొత్త కారణాలు జోడిస్తే చెల్లదు. సొసైటీ ఎన్నిక వాయిదా ఉత్తర్వులో 'పరిపాలనా కారణాలు' అని రెండు ముక్కలు రాసి ఊరుకుంటే, ఆ ఉత్తర్వును సవాలు చేసేవాళ్ల చేతిలో ఇదే బలమైన పాయింట్.

ఒక వింత గమనించారా? ఎన్నికను ఆపమని కోర్టుకు వెళ్తే కోర్టు చెయ్యి వెనక్కి తీసుకుంటుంది. ప్రభుత్వం ఆపిన ఎన్నికను మళ్లీ నడిపించమని వెళ్తే చెయ్యి చాచే అవకాశం ఎక్కువ. రెండూ జోక్యాలే. అశోక్ కుమార్ కేసు కొలతతో చూస్తే మాత్రం తేడా తెలుస్తుంది, రెండోది ఎన్నికను ముందుకు నడిపించే జోక్యం.

మొదలైన ఎన్నికకు రక్షణ ఉంది.. మొదలుపెట్టని ఎన్నికకు?

ముందు చెప్పుకున్న లొసుగు ఇదే. ఈ తీర్పులన్నీ నోటిఫికేషన్ వచ్చాక పనిచేస్తాయి. నోటిఫికేషనే ఇవ్వకపోతే?

97వ సవరణ దీన్ని సరిచేయాలనుకుంది. 2012 ఫిబ్రవరి 15 నుంచి అమల్లోకి వచ్చిన ఆ సవరణ ప్రకారం బోర్డు పదవీకాలం ఐదేళ్లు. అది ముగిసేలోపే కొత్త ఎన్నిక జరగాలి, పాత బోర్డు దిగిన వెంటనే కొత్త బోర్డు ఎక్కాలి. బోర్డును రద్దు చేసినా ఆరు నెలలకు మించి ఉంచకూడదు, సహకార బ్యాంకులకైతే ఏడాది. రాష్ట్రాల చేతులు కట్టేసే నిబంధనలు ఇవి.

కానీ సహకార సంఘాలు రాష్ట్రాల జాబితాలోని అంశం. రాష్ట్రాల అధికారాన్ని తగ్గించే సవరణ అయితే కనీసం సగం రాష్ట్రాల అసెంబ్లీలు ఆమోదించాలి. ఆ ఆమోదం తీసుకోలేదు. గుజరాత్ హైకోర్టు 2013లో కొట్టేసింది. 2021 జులై 20న రాజేంద్ర షా కేసులో సుప్రీంకోర్టు మెజారిటీ తీర్పుతో దాన్ని సమర్థించింది. ఒకటి కంటే ఎక్కువ రాష్ట్రాల్లో పనిచేసే మల్టీ స్టేట్ సొసైటీలకు మాత్రం ఆ నిబంధనలు చెల్లుతాయని చెప్పింది. ఒక రాష్ట్రంలోనే పనిచేసే సంఘానికి, అంటే మన ఊరి సొసైటీకి, రాజ్యాంగంలోని ఆ గడువు ఇక వర్తించదు. రాష్ట్ర చట్టంలో ఏముంటే అదే.

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రెండింట్లోనూ ఆ చట్టానికి మూలం 1964 నాటి ఆంధ్రప్రదేశ్ సహకార సంఘాల చట్టం. అందులో 32వ సెక్షన్ కింద, కమిటీ లేకపోతే లేదా ఎన్నిక పెట్టే పరిస్థితి లేకపోతే సంఘాన్ని నడపడానికి 'పర్సన్ ఇన్‌చార్జ్'ని పెట్టొచ్చు. తాత్కాలిక ఏర్పాటుగా రాసుకున్న ఈ సెక్షనే ఏళ్ల తరబడి అసలు ఏర్పాటుగా నడిచింది.

ఆంధ్రప్రదేశ్‌లో ప్రాథమిక వ్యవసాయ సహకార సంఘాలకు చివరిసారి ఎన్నికలు జరిగింది ఉమ్మడి రాష్ట్రంలో, 2013లో. ఐదేళ్ల గడువు 2018లోనే అయిపోయింది. తర్వాత పొడిగింపులు, ఆపై నామినేటెడ్ కమిటీలు. ప్రభుత్వాలు మారినప్పుడు కమిటీల్లో పేర్లు మారాయి, బ్యాలెట్ మాత్రం రాలేదు. 2013లో ఓటు వేసిన రైతుకు ఆ తర్వాత తన సొసైటీ చైర్మన్‌ను ఎన్నుకునే అవకాశం రాకుండానే పదేళ్లు దాటిపోయాయి.

తెలంగాణలో 2020 ఫిబ్రవరి 15న 900కు పైగా సంఘాలకు పోలింగ్ జరిగింది. ఒక్కో సంఘానికి 13 మంది డైరెక్టర్లు. నామినేషన్లు మొదలైన పది రోజుల్లోనే పోలింగ్, అదే రోజు లెక్కింపు కూడా. (మొదలయ్యాక ఎంత వేగంగా అయిపోతుందో చూడండి. కోర్టులో కౌంటర్ దాఖలు చేయడానికే అంతకంటే ఎక్కువ టైమ్ పడుతుంది.) 2025 ఫిబ్రవరిలో ఆ పదవీకాలం ముగిసింది. ఎన్నికలకు బదులు పాత కమిటీలకే ఆరు నెలల పొడిగింపు వచ్చింది. ఆ తర్వాత మళ్లీ పొడిగింపు.

ఎన్నిక మొదలయ్యాక ఆపాలంటే ఇన్ని అడ్డంకులు ఉన్నాయి. అసలు మొదలు కాకుండా చూడాలంటే ఒక జీవో సరిపోతుంది. గడువు దాటినా ఎన్నిక పెట్టడం లేదని, పెట్టమని ఆదేశించండని సభ్యులు హైకోర్టుకు వెళ్లొచ్చు. ఎన్నిక ఇంకా మొదలు కాలేదు కాబట్టి పొన్నుస్వామి సూత్రం అక్కడ అడ్డు రాదు. కానీ ఒక ఎకరం రెండెకరాల రైతు సొసైటీ ఎన్నిక కోసం హైదరాబాద్‌కో, అమరావతికో వెళ్లి లాయర్‌ను పెట్టుకోవడం ఎంత తేలికో వేరే చెప్పక్కర్లేదు.

మీ పేరు జాబితాలో లేకపోతే ఏం చేయాలి?

కోర్టు ఆపదు కదా అని ఊరుకుంటే నష్టపోతారు. చేయాల్సిన పని నోటిఫికేషన్‌కు ముందే, ముసాయిదా జాబితా సొసైటీ నోటీసు బోర్డు మీద పెట్టిన రోజే మొదలవుతుంది. సభ్యత్వ నంబర్, వాటా ధనం రశీదు, రుణ బాకీ ఉందా లేదా అన్న కాగితం దగ్గర పెట్టుకోండి. పేరు లేకపోతే, లేదా ఉండకూడని పేర్లు ఉంటే, అభ్యంతరం కాగితం మీద రాసి ఇవ్వండి. నోటితో చెబితే లెక్కలోకి రాదు. ఇచ్చినట్టు ముద్ర వేయించుకున్న కాపీ మీ దగ్గర ఉండాలి. తిరస్కరిస్తే కారణం రాతపూర్వకంగా అడగండి.

నామినేషన్ కొట్టేసినా అంతే. పరిశీలన రోజే అభ్యంతరం నమోదు చేయించండి. తర్వాత ఎలక్షన్ పిటిషన్ వేసినప్పుడు ఎదుటి లాయర్ అడిగే మొదటి ప్రశ్న "అప్పుడెందుకు మాట్లాడలేదు?" అనే. మాట్లాడినట్టు కాగితం ఉంటే ఆ ప్రశ్న అక్కడితో సరి.

ఫలితం వచ్చాక, రాష్ట్ర సంఘాలకైతే 1964 చట్టం 61వ సెక్షన్‌లో ఎన్నికల వివాదాలకు విడిగా దారి ఉంది. అక్కడ గెలిస్తే ఆ ఎన్నిక రద్దయ్యే అవకాశం కూడా ఉంటుంది. నామినేషన్ తప్పుగా కొట్టేశారని రుజువైనా, ఓటు హక్కు లేనివాళ్ల ఓట్లతో ఫలితం మారిందని తేలినా అది పెద్ద కారణమే. నాలుగు ఓట్లు తేడాగా పడ్డాయి, కానీ గెలుపు తేడా 200 ఓట్లు అంటే మాత్రం పిటిషన్ నిలబడటం కష్టం.

మల్టీ స్టేట్ సొసైటీ, అంటే రెండు మూడు రాష్ట్రాల్లో సభ్యులున్న అర్బన్ బ్యాంకులు, క్రెడిట్ సొసైటీల్లాంటివైతే దారి వేరు. వాటికి 2002 నాటి కేంద్ర చట్టం వర్తిస్తుంది. 2023 సవరణ తర్వాత వాటి ఎన్నికలు చూడటానికి ప్రత్యేకంగా సహకార ఎన్నికల అథారిటీ వచ్చింది. ఎన్నిక మీద వివాదం ఉంటే అది ఆర్బిట్రేటర్ దగ్గరకు వెళ్తుంది, గడువు ఫలితం ప్రకటించిన రోజు నుంచి ఒక్క నెలే. ముందు హైకోర్టులో స్టే కోసం ప్రయత్నించి, అది రాకపోయాక ఆర్బిట్రేషన్ చూద్దాంలే అనుకుంటే ఆ నెల ఇట్టే గడిచిపోతుంది.